వాయిదాల సంసారము

అప్పుచేసి పప్పుకూడు అను సామెత మనలో చిరకాలమునుండి కలదు. ఒక గృహస్థు అప్పులపాలైనాడని వినినంతనే మనము ఈ సామెత నొకదానిని చదివి, తీర్పు చెప్పినవారమై, కండువా దులుపుకొని లేచిపోవుచున్నాము. కాని యీ సామెతలో తినువాని ప్రస్తావన గలదే గాని వడ్డించువాని ప్రస్తావన లేదు. పప్పును వాకిటికి తెచ్చి, నేడు భుజింపుడు, వెల నెలనెలకు కొంచెము కొంచెముగ ఇయ్యవచ్చును, ఒకవేళ చాలదేని మఱికొంత వడ్డించెదమని బతిమాలువారు పూర్వకాలమున లేరు. నేడు వారు అంగడివీథిలోనే గాక, గృహస్థుని చొక్కాజేబులోని ఫోనునందును కూర్చుండియున్నారు. కావున అప్పుచేసినవాని నొక్కనినే బోనులో నిలువబెట్టు విచారణ సగము విచారణయే యని మా యభిప్రాయము.

మొదట లెక్కలను చూతము. జాతీయ నమూనా పరిశీలనము వారి 77 వ విడత లెక్కలు 2019 లో సేకరింపబడినవి. వానినిబట్టి వ్యవసాయ కుటుంబములలో ఆంధ్రప్రదేశమున నూటికి 93.2, తెలంగాణమున నూటికి 91.7 అప్పుగలవి. దేశమంతటి సగటు నూటికి 50.2 మాత్రమే. కుటుంబమొకటికి గల సగటు అప్పు దేశమున 74,121 రూపాయలు కాగా, తెలంగాణమున 1,52,113 రూపాయలు, ఆంధ్రప్రదేశమున 2,45,554 రూపాయలు. రాష్ట్రములన్నింటిలోను ఇదియే అత్యధికము. మన రైతు దేశపు రైతుకంటె మూడింతలు దుబారా మనుష్యుడని యెవరైన అనగలరా? ఈ పట్టికలో మన తరువాత నిలిచినది కేరళము, ఆ పిదప పంజాబు. ఇవి దరిద్రదేశములు కావు. అప్పు నిచ్చుటకు తగిన యాస్తియు, రాబడియు కనబడుచోటనే అప్పు పేరుకొనుచున్నది.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1925 లో మాల్కం డార్లింగు అను సివిలు ఉద్యోగి పంజాబు రైతుల ఋణములను గుఱించి గ్రంథము వ్రాసి, అప్పునకు లేమి యెంత కారణమో కలిమియు నంత కారణమని చూపినాడు. కాలువనీరు వచ్చి భూమి వెల పెరుగగనే రైతు పరపతి పెరిగినది. పరపతి పెరుగగనే సాహుకారు సంచి ముడి వదలైనది. కఱవునాటి అప్పు ప్రాణము నిలుపుకొనుటకు చేసినది గనుక దానికి ఒక హద్దు గలదు. పరపతినిబట్టి చేసిన అప్పునకు హద్దు నిర్ణయించువాడు పుచ్చుకొనువాడు గాక ఇచ్చువాడు. నాడు భూమి దస్తావేజు చేసిన పనిని నేడు పట్టణములలో నెలజీతపు కాగితము చేయుచున్నది. ఉద్యోగము దొరకిన మొదటి నెలలోనే బ్యాంకులనుండి యువకునకు వచ్చు పిలుపులు, ఒకప్పుడు పెండ్లిసంబంధముల వారినుండియు అన్ని రాలేదు.

మాకు తెలిసిన గృహస్థు ఒకడు కలడు. చిన్నపట్టణములో గుమాస్తా, నెలకు చేతికి వచ్చునది 34,000 రూపాయలు. తాగుడు లేదు, జూదము లేదు, మాటకు నిలుచువాడు. ఆయన మొన్న మా యెదుట కాగితము తీసికొని తన వాయిదాలను వ్రాసినాడు. మోటారు సైకిలునకు 3,900. చల్లపెట్టె, టెలివిజను, కుమారుని ఫోను, మూడింటికి కలిపి 4,150. భార్యపేర తీసికొన్న గుంపు అప్పునకు 2,700. కుదువబెట్టిన గొలుసుమీద వడ్డీ 1,600. బ్యాంకువారి సొంత అప్పునకు 6,800. క్రెడిట్ కార్డునకు 2,250. మొత్తము 21,400 రూపాయలు. ఇవి గాక కుమార్తె వివాహమునకై నూటికి రెండు రూపాయల వడ్డీపై వ్రాసిన రెండు లక్షల నోటు వేరుగ కలదు. దానికి నెలకు పెరుగు 4,000 వడ్డీని ఆయన చెల్లించుట లేదు. కూడిక చేసి ఆయన కలము క్రిందబెట్టి కొంతసేపు మాటాడలేదు. ఈ అంకెలలో ఏ యొక్కటియు ఆయనకు తెలియనిది కాదు. అన్నింటిని ఒక్కచోట కూడుట మాత్రము అదియే మొదటిసారియట.

ఇట్టి కుటుంబము మూఢత్వమువలన చెడలేదు. ఆ యప్పులలో నొక్కొక్కటియు చేసిన దినమున ఉచితముగనే తోచినది. ఉద్యోగమునకు పోవుటకు బండి కావలెను. వేసవిలో పాలు విరిగిపోకుండుటకు చల్లపెట్టె కావలెను. నెలకు వేయి రూపాయలా, అంతే గదా, అని అంగడిలో మనస్సు ఒప్పుకొనును. వస్తువు వెల 28,000 అని చెప్పినచో బేరము మాని వెనుకకు వచ్చువాడే, నెలకింత యని చెప్పినపుడు కూర్చుండి సంతకము చేయుచున్నాడు. వాయిదాల వర్తకములోని కీలకమంతయు ఇందులోనే యున్నది. మొత్తమును మరుగుపరచి ముక్కను మాత్రము చూపుట.

వడ్డీని మరుగుపరచు ఉపాయములును గలవు. లక్ష రూపాయల అప్పు, నూటికి పన్నెండు వడ్డీ, పండ్రెండు నెలలలో సమముగ చెల్లింపవలెనని యనుకొందము. వడ్డీ 12,000, అసలు లక్ష, నెలకు 9,333 రూపాయలు. చూచుటకు న్యాయముగనే యున్నది. కాని మొదటి నెలనుండియే అసలు తరుగుచుండగా, వడ్డీ మాత్రము పూర్తి లక్షమీదనే కట్టబడినది. నిజమైన వడ్డీ లెక్కించినచో నూటికి 21 కి మించుచున్నది. పల్లెలోని సాహుకారు నూటికి రెండు రూపాయలన్నపుడు సంవత్సరమునకు ఇరువదినాలుగని గొల్లపిల్లవానికిని తెలియును. ఈ ఫ్లాటు వడ్డీ లోతు డిగ్రీలు పుచ్చుకొన్నవారికిని తెలియదు. సున్న వడ్డీ యను మఱొక వింత కలదు. అట్టి పద్ధతిలో వడ్డీ మఱియొక రూపమున దాగియుండుననియు, సున్న వడ్డీ యను భావమే లేదనియు రిజర్వు బ్యాంకువారు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు వ్రాసిరి. అయినను పండుగదినములలో అంగళ్ల ముందు ఆ బల్లలు నేటికిని వ్రేలాడుచునే యున్నవి.

కార్డుమాట వేరుగ చెప్పవలెను. మన గుమాస్తాకు కార్డుపై బాకీ 45,000 రూపాయలు. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 1,575. దానిపై నూటికి 18 వంతున పన్ను 283 న్నర. ఆయన కట్టు 2,250 లో అసలుకు చేరునది నాలుగువందల రూపాయలకును తక్కువ. బ్యాంకువారు చిట్టాలో కనీసపు మొత్తమని అచ్చువేయుచున్నారు. గృహస్థు దానిని చెల్లించి, ఈ నెలకు బాకీ తీరినదని నిట్టూర్చుచున్నాడు. నూటికి ముప్పదికి మించిన కార్డు వడ్డీ అన్యాయపు వర్తకమని జాతీయ వినియోగదారుల కమీషను వారు 2008 లో తీర్పు చెప్పిరి. ఆ తీర్పును సుప్రీం కోర్టు వారు 2024 డిసెంబరులో కొట్టివేసిరి. వడ్డీ యెంతయుండవలెనో నిర్ణయించుట రిజర్వు బ్యాంకు పని యని వారి యాశయము. రిజర్వు బ్యాంకువారు మితిమీరరాదనిరే గాని మితి యెంతయో అంకెతో చెప్పలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱొకటి కలదు. ఒక కుటుంబము మొత్తము అప్పు ఎంతయో చూడగలవారు ఎవరును లేరు. బ్యాంకువారు పరపతి లెక్కల సంస్థనడిగి బ్యాంకుల యప్పులను చూతురు. ప్రోనోటులు, చేబదుళ్లు, చీటీపాటలు అందులో నుండవు. ఊరి ఆసామికి నోటుల సంగతి తెలియును. కార్డు సంగతి తెలియదు. భార్య గుంపులో తీసికొన్న యప్పు భర్తకు సగము తెలియును. భర్త ఫోనులో తీసికొన్న యప్పు భార్యకు బొత్తిగ తెలియదు. మన యిండ్లలో అప్పు సంగతి భోజనమువేళ మాటాడుకొను సంగతి కాదు. పరువుకొఱకు దాచిన అప్పు, పరువు పోవుదినమున ఒక్కసారిగ బయలుపడును.

రాబడియొక్క స్వభావమునకును వాయిదాయొక్క స్వభావమునకును పొసగకపోవుట వేఱొక కారణము. రైతునకు పంట సంవత్సరమున కొకటి రెండుమారులు చేతికి వచ్చును. తాపీపనివానికి వానకాలమున పని యుండదు. ఆటో నడుపువానికి ఒక దినమువలె మఱొకదినముండదు. వాయిదా మాత్రము అయిదవ తేదికి తప్పక వచ్చును. ఇంటిలో ఒకరు ఆసుపత్రి పాలైనచో, ఆ నెల వాయిదాకై మఱొకచోట చేయు అప్పే మొదటి మెట్టు. ఆరోగ్యశ్రీ వంటి పథకము 2007 లో వచ్చినపిదప శస్త్రచికిత్సల భారము పేదలకు కొంత తగ్గినమాట నిజమే. కాని మందులు, పరీక్షలు, రాకపోకలు, రోగివెంట నుండువారి కూలి నష్టము, ఇవన్నియు ఇంటి పద్దులోనే పడును. చదువుల ఫీజులను గుఱించి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. పెండ్లి ఖర్చులను గుఱించి మేము పలుమారులు వ్రాసితిమి, మఱియు వ్రాయుదుము. అందులో డంబము కలదు, దానిని సమర్థించువారము కాము. అయితే డంబము చూచువారు లేక యుండదు. భోజనములలో ఎన్ని పిండివంటలని లెక్కించుచు, కట్నము మాట మెల్లగ అడుగుచు, వచ్చినవారము మనమే. ఆ పందిరిక్రింద తాంబూలము పుచ్చుకొని యింటికి వచ్చి, వీనికి ఈ యార్భాటమేల యని విసుగుకొనుటయు మనమే. ఇది ప్రసంగవశమున వచ్చినమాట.

అప్పిచ్చువారి తొందర యెట్టి యనర్థమును తెచ్చునో ఈ దేశమునకు తెలిసినట్లు మఱియొక దేశమునకు తెలియదు. పల్లెలలోని స్త్రీలను అయిదుగురు, పదుగురుగ చేర్చి, ఒకరికొకరు జామీనుగ నిలిపి, కుదువ లేకుండ చిన్న యప్పు లిచ్చు పద్ధతి మన జిల్లాలలో వ్యాపించినపుడు అందఱును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి. సాహుకారు బారినుండి స్త్రీలు బయటపడుదురనుకొంటిమి. కొంతవరకు పడిరి. పిదప లాభాపేక్షగల కంపెనీలు ఒక వీథిలోనే మూడునాలుగు చేరి, ఒకే యింటికి ఒకరిమీద నొకరు పోటీపడి అప్పులిచ్చిరి. ఒక కంపెనీ వాయిదాకు మఱొక కంపెనీ యప్పు. వారమువారము వసూలుదారు వచ్చి కూర్చుండగా, ఒక స్త్రీ చెల్లింపలేనిచో తక్కిన నలుగురును ఆమె గడపముందు నిలువవలసి వచ్చినది. కుదువ లేదని చెప్పిన యప్పునకు ఇరుగుపొరుగుల స్నేహమే కుదువ యైనది. 2006 మార్చిలో కృష్ణాజిల్లా యధికారులు ఇట్టి సంస్థల శాఖలను యాభై దాపునకు మూయించిరి. హెచ్చరిక యెవరికిని చెవికెక్కలేదు. నాలుగేండ్లకు, ఆత్మహత్యల వార్తలు వరుసగ రాగా, 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, రిజిస్ట్రేషను లేనిదే అప్పీయరాదనియు, వారపు వసూళ్లు మాని నెలవారీ చేయవలెననియు, గడపలకు పోరాదనియు ఆజ్ఞాపించినది. దానితో వసూళ్లు కుప్పకూలినవి.

ఆ నాడు కంపెనీలవారు, రుణగ్రస్తులు దురాశాపరులనిరి. ప్రభుత్వమువారు కంపెనీలు రాబందులనిరి. మేము చూచినంతలో, అప్పిచ్చు గుమాస్తాకు ఇచ్చినదానిపై బహుమానముండెను గాని, అది తీర్చగల యిల్లా కాదా యని విచారించినందులకు బహుమానము లేకుండెను. ఈ యొక్క సంగతి చాలును. రిజర్వు బ్యాంకువారు 2022 మార్చిలో చేసిన నిబంధన, సంవత్సరాదాయము మూడు లక్షలు మించని కుటుంబములకు ఇచ్చు ఈ చిన్నయప్పుల విషయమున, అన్ని వాయిదాలును కలిపి రాబడిలో సగము మించరాదని చెప్పుచున్నది. ఇది మంచి నిబంధన. మన గుమాస్తా రాబడి సంవత్సరమునకు 4,08,000 గనుక ఆయనకిది వర్తింపదు. ఆయన వాయిదాలు సగముదాటి చాలదూరము పోయినవి. మధ్యతరగతివాడు తన్ను తాను కాపాడుకొనగలడని శాసనకర్తల నమ్మకము కాబోలును.

పిదప ఫోనులోని యప్పులు వచ్చినవి. 2020 లో మహమ్మారిచేత పనులు నిలిచినపుడు లక్షలాది జనుల చేతిలో ఫోను కలదు, డబ్బు లేదు. దరఖాస్తు లేదు, జామీను లేదు, అయిదు నిమిషములలో రొక్కము. అయిదువేల యప్పనిన చేతికి మూడువేల అయిదువందలు మాత్రమే యిచ్చి, ఏడవదినమున అయిదువేలు కట్టవలెనను బేరము ఒకటి తీసికొని చూడుడు. వారమునకు నూటికి 42 కి పైబడిన వడ్డీ. ఏ కాలపు సాహుకారును ఇంత సాహసింపలేదు. అప్పు తీసికొనునపుడు ఫోనులోని పేర్లును, ఛాయాచిత్రములును చూచుటకు అనుమతి పుచ్చుకొని, గడువు దాటగనే బంధువులకు, పై యధికారులకు దూషణలు పంపిరి. 2020 డిసెంబరులో తెలంగాణమున ప్రాణములు తీసికొనినవారి వార్తలు వచ్చిన తరువాత పోలీసులు హైదరాబాదులో ఇట్టి కార్యాలయములపై దాడులు చేసిరి. రిజర్వు బ్యాంకువారు నియమించిన సంఘము 2021 ఆరంభమున రెండు నెలలలో వెదకగా అప్పులిచ్చు యాప్‌లు దాదాపు 1,100 కనబడినవి. అందులో 600 అక్రమములు. 2022 సెప్టెంబరునుండి నిబంధనలు కఠినమైనవి. సొమ్ము నేరుగ ఋణగ్రస్తుని ఖాతాకే పోవలెను, సంవత్సరపు పూర్తి వడ్డీ ముందే చెప్పవలెను. నిబంధనలు పాటించువారు పాటించుచున్నారు. పాటింపనివారు పేరుమార్చి మఱలివచ్చుచున్నారు.

దేశమంతటను కుటుంబముల రొక్కపు పొదుపు, అప్పులు పోగా మిగిలినది, 2022-23 లో జాతీయాదాయములో నూటికి 5 దాపునకు దిగినది. దశాబ్దములుగ అంత తక్కువ లేదు. మఱుసటి సంవత్సరము నవంబరులో రిజర్వు బ్యాంకువారు కుదువలేని సంసారపుటప్పులకు బ్యాంకులు నిలుపవలసిన మూలధనపు లెక్కను 100 నుండి 125 కు పెంచిరి. పైనున్నవారికిని దడ పుట్టినదనుటకు ఇది నిదర్శనము.

ఇక మన సంగతి. ఈ పత్రిక చదువువారిలో అప్పు తీసికొన్నవారు కలరు, అప్పిచ్చినవారును కలరు. బ్యాంకులను, యాప్‌లను నిందించు వ్యాసమును ఇచ్చినవారు సంతోషముతో చదువుదురు గనుక వారికొక మాట. ప్రోనోటునకు కాలదోషము మూడేండ్లు. గడువు సమీపింపగనే నోటును తిరుగవ్రాయింతుము. పెరిగిన వడ్డీని అసలులో కలుపుదుము. నూటికి రెండు రూపాయలు ధర్మవడ్డీ యని మన వాడుక. లక్ష రూపాయల నోటు మూడేండ్లకు 1,72,000 యగును. దానినే తిరుగవ్రాసిన ఆరేండ్లకు 2,95,840. మఱల తిరుగవ్రాసిన తొమ్మిదేండ్లకు 5,08,844. ఇందులో ఎవరును క్రొత్తగ ఒక్క రూపాయి ఇచ్చినవారు కారు, పుచ్చుకొన్నవారును కారు. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రకారులే విధించిరి. 1938 లో మద్రాసు శాసనసభవారు వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనమున, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్లే యని వ్రాసినదియు ఆ ధర్మమునే. ఆ శాసనమును నాడు వ్యతిరేకించినవారు అందఱును పరదేశీయులు కారు.

1951-52 లో జరిగిన గ్రామ ఋణముల పరిశీలనలో ప్రభుత్వము, సహకార సంఘములు, బ్యాంకులు, అన్నియు కలిసి ఇచ్చినది రైతుల యప్పులో నూటికి 7.3 మాత్రమే యని తేలెను. తక్కినదంతయు సాహుకార్లది, ఆసాములది, బంధువులది. బ్యాంకులు పల్లెకు వచ్చినచో ఆ బాధ తీరుననుకొనిరి. వచ్చినవి. కాని కౌలుదారుకు నేటికిని అవి అందుట కష్టము. పంట అప్పు పట్టాపేర వచ్చును, దున్నువాడు వేఱొకడు. 2011 నాటి సాగుదారుల శాసనమున ఋణార్హత కార్డులిచ్చిరి. 2019 నాటి శాసనము పదునొకండు నెలల కార్డు నిచ్చుచున్నది గాని, భూస్వామి సంతకము లేనిదే కార్డు లేదు. సంతకము చేసినచో భూమి పోవునను భయముతో మనలో ననేకులు చేయుట లేదు. నూటికి ఏడు వడ్డీకి బ్యాంకులో దొరకు అప్పు మన పేర నుండగా, మన పొలము దున్నువాడు నూటికి ఇరువదినాలుగునకును, ముప్పదియారునకును అప్పు చేసి విత్తనములు కొనుచున్నాడు. ఆ యప్పే పంట చెడిన సంవత్సరమున బియ్యపుటప్పుగను, బడి ఫీజు అప్పుగను మారి యింటిలోనికి వచ్చుచున్నది. ఆతని భార్య గుంపు అప్పు ఎందులకు తీసికొన్నదో మనము వేరుగ వెదకనక్కరలేదు.

మన గుమాస్తా సంగతి మిగిలినది. లెక్క వ్రాసిన మఱునాడు ఆయన భార్యయు కాగితము చూచినది. గొలుసు విడిపించుట కంటె దానిని విక్రయించి కార్డు బాకీని, వస్తువుల బాకీని తీర్చుట మేలని ఆమెయే అన్నదట; ఆయన ఇంతకాలము ఆమెతో చెప్పుటకు జంకినది ఈ మాటకే. ఆ రెండును తీరినచో నెలకు 6,400, కుదువ వడ్డీతో కలిపి 8,000 రూపాయలు మిగులును. నోటు మాత్రము మిగిలియున్నది. దాని గడువు రాబోవు మాఘమాసమున తీరును. వడ్డీని కలిపి 3,44,000 కు తిరుగవ్రాయుమని నోటు ఆసామి కబురంపినాడు. వడ్డీని అసలులో కలుపక, అసలు రెండు లక్షలకే క్రొత్త నోటు వ్రాసి, పాతవడ్డీని నెలకు నాలుగువేల చొప్పున విడిగ చెల్లించెదనని అడుగవలెనని ఆయన తలంపు. ఒంటరిగ పోవుటకు మొగమాటపడుచున్నాడు. ఆ యాసామి మాకును పరిచితుడే గనుక వెంట వచ్చెదమని చెప్పితిమి.